గోల్కొండ కొడుకు, చిచ్లం పిల్ల

వదినా, కరేపాకు తర్వాత తెంపుకుందువు గాని, జెర గోడ కాడికి రా. రాత్రి మీ ఇంట్ల సీరియల్ చప్పుడు మా వంటింటి దాక వినొచ్చింది. జమీందారు కొడుకు, పాటలు పాడే పిల్ల, నడుమల కేకలేసే తండ్రి. ఆ తండ్రి గొంతు విన్నప్పటి సంది నాకు మన ఇబ్రహీమే యాదికొస్తున్నడు. ఏ ఇబ్రహీం అంటవేంది? మన ఊరు ఇబ్రహీంపట్నం పేరుల ఉన్నాయన. ఆయన కొడుకు కూడ ఆడిపాడే పిల్ల మీదనే మనసు పారేసుకున్నడని చెప్తరు. మరి తండ్రి ఏం చేసిండట? కేకలెయ్యలే, తలుపులు మూయలే. ఏటి మీద వంతెన కట్టిచ్చిండట.

అందరు కొడుకు ముచ్చట చెప్తరు, ఆ పిల్ల భాగమతి ముచ్చట చెప్తరు. నాకు మాత్రం ఆ కథల తండ్రే ఎక్కువ నచ్చుతడు. ఎందుకో చెప్త విను.

ఇబ్రహీం కులీ కుతుబ్ షా గోల్కొండను 1550 నుంచి 1580 దాక ఏలిండు. మన పెద్ద చెరువు ఆయన కాలం నాటిదే. 2022ల అలుగు పారితే ఊరంత కట్ట మీదికి ఎక్కింది, నీకు యాదుంది గదా. ఆ చెరువు ఎట్ల పుట్టిందో ఒక ముచ్చట చెప్పుకుంటరు. ఆయన అల్లుడు హుస్సేన్ షా వలీ పట్నంల పెద్ద చెరువు తవ్విచ్చిండు, 1562 ప్రాంతంల. ఖర్చు రాజుది, చాకిరి అల్లునిది. పని అయినంక రాజు పోయి, ఈ చెరువును ఏమంటరని అడిగితే, జనం హుస్సేన్ సాగర్ అన్నరట! రాజుకు చివుక్కుమన్నది. అప్పుడు తన పేరు మీద ఇంకో చెరువు కట్టిచ్చుకున్నడని, అది మనదేనని పెద్దలు చెప్పేది. నాకు ఇందుల నచ్చింది ఒకటే. తల్చుకుంటే ఆ అల్లుని పేరు కొట్టేయచ్చు, రాజు గదా. కొట్టెయ్యలే. జనం పెట్టిన పేరు జనానికే వదిలేసి, తనకు కావాల్సింది తాను వేరే కట్టుకున్నడు. ఆ గుణమే తర్వాత కొడుకు విషయంల కూడ కనపడుతది.

ఇంకా వెనకకు పోవాలె. 1543ల ఆయన నాయిన సుల్తాన్ కులీని నమాజు చేస్తుండగ చంపేసిండ్రు. అన్న జంషీద్ గద్దెనెక్కిండు. తమ్ముడు ఇబ్రహీం ప్రాణం అరచేతుల పట్టుకుని ముందు బీదర్‌కు, అక్కడి నుంచి విజయనగరానికి ఉరికిండు. అక్కడ అళియ రామరాయలు ఆదరించిండు. ఏడేండ్లు ఉన్నడు వదినా, ఏడేండ్లు! ఆ ఊర్ల ఉండంగ తెలుగు నేర్చిండు, తెలుగు పద్యానికి చెవి అలవాటు పడ్డది. భాగీరథి అనే హిందూ స్త్రీని పెండ్లాడింది కూడ అక్కడనేనని చెప్తరు. చేతుల రాజ్యం లేదు, తల దాచుకునే ఇల్లు ఇంకొకరిది, అటువంటి రోజులల్ల దొరికిన తోడు అది. అసొంటి మనిషికి రేపు కొడుకు వచ్చి నేను ఫలానా పిల్లను ఇష్టపడ్డ అంటే, కులం ఏంది, మతం ఏంది అని అడగబుద్ధవుతదా?

జంషీద్ పోయినంక కోయిలకొండ కోటల నాయకవాడీలు ఇబ్రహీం దిక్కు నిలబడ్డరు. మన పాలమూరు కోయిలకొండనే. అట్ల తిరిగొచ్చి రాజైండు. మళ్ల 1565ల, ఏడేండ్లు అన్నం పెట్టిన ఆ రామరాయల మీదికే మిగతా సుల్తాన్లతోని కలిసి యుద్ధానికి పోయిండు. అది నాకు ఎన్నటికి మింగుడు పడదు. ఎంత మంచి మనిషిని గురించి చెప్తున్నా ఆ సంగతి దాయొద్దు.

కాని తెలుగును మాత్రం మర్వలే. మన కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నరు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' రాసి ఆయనకే అంకితమిచ్చిండు. ఆయన కొలువుల అమీన్ ఖాన్ అని ఉండె, పటాన్‌చెరు ఆయన. పొన్నగంటి తెలగన్న 'యయాతి చరిత్ర'ను ఒక్క సంస్కృతం మాట కలవకుండ అచ్చ తెలుగుల రాసి ఆ అమీన్ ఖాన్‌కు అంకితమిచ్చిండు. రెండు కథలూ ప్రేమ కథలే, చూసినవా? యయాతి ముచ్చట నీకు తెలుసు, దేవయాని, శర్మిష్ఠ. తపతి కథనే జెర చెప్త, మన రాజకుమారుని కథకు అది మస్తు దగ్గర.

సంవరణుడు రాజు. వేటకు పోతే ఆకలికి, దప్పికకు గుర్రం పడి చచ్చిపోయింది. కాలినడకన కొండల పడి తిరుగుతుంటే ఒక పిల్ల కనపడ్డది. సూర్యుని బిడ్డ తపతి. రాజు మాట్లాడబోతే మాయమైంది, ఈయన సొమ్మసిల్లి పడ్డడు. అప్పుడు ఆమె మళ్ల వచ్చి, నా మీద నాకు అధికారం లేదు, మా నాయినను అడుగు అన్నది. ఈయనేమో కొండ మీదనే నిలబడి సూర్యునికి మొక్కుకుంట కూసుండె. ఆఖరికి వశిష్ఠుడు సూర్యుని దగ్గరికి పోయి పిల్లనడిగి తీస్కొచ్చిండు. పెండ్లయినంక రాజు 12 ఏండ్లు ఆ కొండనే పట్టుకుని ఉన్నడు, రాజ్యంల వాన చుక్క పడలేదు. భారతంల ఉన్న కథనే ఇది. ఇటువంటి కావ్యం అంకితం పుచ్చుకున్న తండ్రి ఇంట్ల పెరిగిండు మన కథానాయకుడు, మహమ్మద్ కులీ.

ఇగ అసలు ముచ్చట. గోల్కొండ కోటకు తూర్పు దిక్కు మూసీ. మూసీ దాటితే చిచ్లం అనే చిన్న ఊరు. ఇయ్యాళ చార్మినార్, షా అలీ బండ ఉన్న ఆ తావు. ఆ ఊర్ల భాగమతి అనే పిల్ల ఆడుతది, పాడుతది. రాజకుమారుడు ఆమెను చూసిండు. గుడిల పాడుతుంటే విన్నడని ఒకరు, తొవ్వల చూసిండని ఒకరు, ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్తరు. చూసిన తర్వాత కోటల కాలు నిలవలే. రోజు గుర్రమెక్కుడు, మూసీ దాటుడు, చిచ్లం పోవుడు.

మూసీ సంగతి నీకు తెల్వంది కాదు. అనంతగిరిల వాన దంచిందంటే ఇక్కడ ఎండ కాస్తున్నా నీళ్లు వస్తయి. ఒకరోజు అట్లనే ఏరు పొంగి పారుతున్నది. గట్టు మీద ఉన్నోళ్లు వద్దన్నరు. పోరడు వినలే, గుర్రాన్ని నీళ్లల్ల దింపిండు. గుర్రం ఈదింది, కొట్టుకుపోయింది, మళ్ల ఈదింది, ఆఖరికి అవతల గట్టెక్కింది. తడిసి ముద్దయి ఆ పిల్ల వాకిట్ల నిలబడ్డడట. నేనైతే ఆ పిల్ల అప్పుడు ఏమన్నదోనని ఎన్నిసార్లు అనుకున్ననో! మురిసిందో, బుద్ధి లేదా అని తిట్టిందో. తిట్టే ఉంటదని నాకనిపిస్తది. ఇష్టపడ్డోళ్లే గదా తిట్టేది.

ముచ్చట కోటకు ముట్టింది. తండ్రి గుండె ఆగినంత పనైంది. ఇప్పుడు మీ సీరియల్ల అయితే ఏం చేస్తడు? కొడుకును గదిల పెట్టి తాళమేస్తడు, పిల్లను ఊరు దాటిస్తడు. ఇబ్రహీం చేతుల సైన్యమున్నది, ఏదైనా చెయ్యచ్చు. ఆయన మేస్త్రీలను పిలిపిచ్చిండు. మళ్ల నా కొడుకు వరదల దిగొద్దు అన్నడు. 1578ల మూసీ మీద రాతి వంతెన లేచింది, 22 కమాన్లతోని. అదే పురానాపూల్.

తర్వాతి కాలంల ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ ఆ వంతెనను చూసి, ప్యారిస్‌ల ఉన్న వాళ్ల పాంట్ నెఫ్ వంతెన అందానికి ఇది ఏం తక్కువ కాదని రాసుకున్నడు. 1908 సెప్టెంబరుల మూసీ ఊళ్లకు ఊళ్లు ఊడ్చుకుపోయినప్పుడు, అఫ్జల్‌గంజ్ కాడి వంతెన, చాదర్‌ఘాట్ వంతెన తెగిపోతే ఇది నిలబడ్డది. ఇప్పుడు దాని మీద కూరగాయలు అమ్ముతున్నరు. నాలుగు వందల ఏండ్లు దాటినా దాని మీద మనుషుల కాళ్లు ఆగలేదు.

ఏమన్నవ్? 1578ల రాజకుమారునికి ఎన్నేండ్లనా? నువ్వు లెక్క అడుగుతవని తెలుసు. 1565, 66 ప్రాంతంల పుట్టిండు. అంటే పన్నెండు, పదమూడు. నవ్వు, నవ్వు. హెచ్.కె. షేర్వాణీ అని పెద్ద చరిత్రకారుడు, కుతుబ్ షాహీల చరిత్ర రాసినాయన, ఆయన కూడ ఇదే లెక్క వేసిండు. పన్నెండేండ్ల పిల్లగాని ప్రేమ కోసం వంతెన కడ్తరా, భాగమతి అంతా కట్టు కథ అన్నడు. ఆయన మాటల బలమున్నది. గోల్కొండల జనం పెరిగి ఇరుకైంది, నీళ్లు చాలకపోయె. మచిలీపట్నం రేవుకు పోయే బండ్లు, వజ్రాలు, బట్టలు మూసీ దాటాలె. వంతెన ఎట్లైనా కావాల్సిందే. రాజు అది కూడ చూసే కట్టిండు. రాళ్లు, సున్నం, వందల మంది కూలీలు ఒక్క పిల్లగాని గుర్రం కోసమే వచ్చినయంటే నేను కూడ నమ్మ.

అయితే అంతమాత్రాన ఆ పిల్లనే లేదంటే ఒప్పుకోను. ఎందుకంటే వదినా, ఆమె గురించి రాసింది మన గోల్కొండోళ్లు కాదు, బయటోళ్లు. అక్బర్ కొలువుల కవి ఫైజీ 1591ల దక్కన్‌కు రాయబారిగా వచ్చిండు. అదే ఏడు హైదరాబాద్ కట్టిండ్రు, చార్మినార్ లేచింది. ఆయన అక్బర్‌కు పంపిన రాతలల్ల, ఇక్కడి రాజు భాగమతి అనే ఆమె పేరు మీద భాగ్‌నగర్ అనే పట్నం కట్టిండని ఉన్నది. నిజాముద్దీన్ అహ్మద్ అని అక్బర్ దగ్గరి ఇంకో చరిత్రకారుడు, ఆయన కూడ రాసిండు. తర్వాత బీజాపూర్‌ల కూసోని చరిత్ర రాసిన ఫరిస్తా, ఆమె కొలువుకు వచ్చేటప్పుడు రాజు వెయ్యి మంది గుర్రపు రౌతులను వెంట ఇచ్చిండని చెప్పిండు. పెద్ద సర్దార్లకు దక్కే మర్యాద అది. వెయ్యి గుర్రాలు దుమ్ము లేపుకుంట వస్తుంటే నడుమల చిచ్లం పిల్ల! చూసే పెద్దింటి ఆడోళ్లు, మగోళ్లు, ఏమేం గుసగుసలు పెట్టుకున్నరో.

ఆ రాతలల్ల ఆమెను పలుచన చేసే మాటలు కూడ ఉన్నయి. ఆడి పాడి బతికే ఆడది అంటే అప్పుడు ఎవరికైనా లోకువే. నాకైతే అక్కడే ఆమె మీద గౌరవం పెరుగుతది. తండ్రి పేరు చెప్పుకుని బతకలే, మొగని పేరు చెప్పుకుని బతకలే. తన గొంతు, తన కాళ్లు, తన విద్య. రాజకుమారుడు వచ్చే ముందే ఆమెకు ఊర్ల ఒక పేరున్నది. పేరు లేకపోతే ఆయన చెవిల ఎట్ల పడుతది చెప్పు?

గోల్కొండ సొంత చరిత్రల మాత్రం ఆమె ఊసు లేదు. నాణేల మీద లేదు, శాసనంల లేదు, కుతుబ్ షాహీ సమాధులల్ల ఆమెకు గోరీ లేదు. షేర్వాణీ పట్టుకున్నది ఇదే. నేను ఇంకో తీరుగ చూస్త. కొలువుల ఉన్నోళ్లకు రాజు గారి ఈ ముచ్చట రాయబుద్ధి కాకపోయి ఉండచ్చు. బయటోళ్లకు మొహమాటం లేదు, విన్నది రాసిండ్రు. టావెర్నియర్ కూడ, రాజుకు ఎంతో ఇష్టమైన రాణి అడిగితే ఆ రాజు ఈ పట్నం కట్టిండనే రాసిండు. అంటే అన్నేండ్లకు కూడ జనం నోట్ల ఒక ఆడమనిషే ఉన్నది.

మహమ్మద్ కులీ సంగతి వేరే చెప్పాలె. 1580ల గద్దెనెక్కిండు, 1612ల పోయిండు. దక్కనీల కవిత్వం రాసిండు, ఉర్దూల మొదటి పూర్తి దివాన్ ఆయనదే. మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ ఆ కవితలన్నీ సరిచూసి 1940ల అచ్చేసిండు. రాజు గదా, యుద్ధాల మీద రాసిండనుకుంటవు. కాదు. వసంతం పండుగ మీద, మృగశిర వానల మీద, పండ్ల మీద, కూరగాయల మీద! మృగశిర వచ్చిందంటే మనం ఇంట్ల చేపల పులుసు పెడతం, ఆయన కవిత రాసిండు. తన ప్రియురాండ్ల మీద కూడ రాసిండు. పన్నెండు మంది లెక్క తేలుతరు. నన్హీ, సాఁవ్లీ, కఁవ్లీ, గోరీ, ఛబీలీ...

అయ్యో, మొహం అట్ల పెట్టకు. నాకు కూడ అక్కడ కొంచెం మనసు చివుక్కుమంటది. భాగమతి ఒక్కతే అని అనుకున్న మనకు పన్నెండు పేర్లు దొరికితే ఏమనాలె? కాని అందుల హైదర్ మహల్ అనే పేరున్నది. భాగమతికే ఆ బిరుదు ఇచ్చిండని, పట్నానికి హైదరాబాద్ పేరు ఆ బిరుదు మీదనే వచ్చిందని చానామంది నమ్ముతరు. హజ్రత్ అలీకి హైదర్ అనే పేరు, దాని మీద పెట్టిండ్రనే వాళ్లు కూడ ఉన్నరు.

ఇంకో సంగతి. ఆయన కొలువుల ముల్లా వజ్హీ అనే కవి 1609ల 'కుతుబ్ ముష్తరీ' అనే ప్రేమ కావ్యం రాసిండు. రాజకుమారుడు కలల ఒక పిల్లను చూస్తడు, ఆమె కోసం దేశాలు పట్టుకుని పోతడు, బెంగాల్ రాకుమారి ముష్తరిని తెచ్చుకుంటడు. ఆ రాజకుమారుడు మహమ్మద్ కులీనే. రాజుకు నలభై దాటినయి, ఇంకా ఆయన పడుచు ప్రేమే కొలువుల కావ్యమైంది చూడు. ముష్తరి అంటే భాగమతే, చిచ్లం అని నోరు విప్పి చెప్పలేక బెంగాల్ అన్నడని కొందరంటరు. నాకు ఆ మాట మీద మనసు పోతది. ఏరు దాటిన కథే దేశాలు దాటిన కథ అయి ఉంటది.

ఆ ఇంటి పిల్లలకు ఈ గుణం పోలేదు వదినా. మనుమడు అబ్దుల్లా కాలంల తారామతి పాట బారాదరిల పాడితే గోల్కొండ కోటల రాజు చెవిల పడేదట. గండిపేట పోయే తొవ్వల ఉన్నది ఆ బారాదరి. రాజు ఉన్న చోటికి తాడు కట్టి దాని మీద ఆడుకుంట పోయిందని కూడ చెప్తరు, తాడు సంగతి నేను నమ్మ గాని పాట సంగతి నమ్మాలెననిపిస్తది. తారామతికీ, ప్రేమామతికీ రాజుల గోరీల నడుమనే గోరీలు కట్టిండ్రు.

నాకు అన్నిటికన్న ఇష్టమైన మనిషి ఇంకా రాలేదు. హయాత్ బక్షీ బేగం. మహమ్మద్ కులీకి ఒక్కగానొక్క బిడ్డ. భాగమతి కడుపునే పుట్టిందని జనం మాట. మన పొరుగున హయత్‌నగర్ ఉన్నది చూడు, ఆమె పేరే. అక్కడ ఆమె పేరు మీద మసీదున్నది, చుట్టూర బాటసారులు దిగే సరాయి గదులున్నయి, పక్కనే హాథీ బావి.

ఆమె కొడుకే అబ్దుల్లా. చిన్నప్పుడు ఒకసారి ఏనుగు మీద ఎక్కితే ఏనుగుకు మదమెక్కి పిల్లగాణ్ని అట్లనే అడవిలకు తీస్కపోయిందట. దగ్గరికి పోయే ధైర్యం ఎవనికి లేదు. తల్లి ఏడుసుకుంట కూసోలే. పిల్లగానికి ఆకలైతదని, ఏనుగు పోయే తొవ్వల చెట్ల కొమ్మలకు అన్నం మూటలు కట్టిపిచ్చిందట, పైనుంచే చేయి చాపి తెంపుకోవాలెనని! కొడుకు తిరిగొస్తే ఏనుగు గొలుసంత బరువు బంగారు గొలుసు చేపిస్తనని మొక్కుకున్నది. వచ్చిండు. హుస్సేనీ ఆలంకు ఆ గొలుసు మోస్కపోయింది, బంగారం బీదోళ్లకు పంచింది. మొహర్రంల లంగర్ ఊరేగింపు అట్ల మొదలైందని చెప్తరు.

ఇది కథ అనుకో, పోనీ. 1656ల జరిగింది మాత్రం చరిత్ర. ఔరంగజేబు అప్పుడు ఇంకా పాదుషా కాలేదు, దక్కన్ సుబేదారు. హైదరాబాద్ మీద పడి, గోల్కొండ కోటను చుట్టుముట్టిండు. రాజు అబ్దుల్లా కోటల ఉన్నడు. అప్పుడు కోట దాటి శత్రువు డేరాకు పోయింది ఎవరనుకున్నవ్? ముసలితనంల ఉన్న ఈ తల్లి. పర్దాల ఉండాల్సిన రాణి, మొగల్ దండు నడుమ నుంచి పోయి ఔరంగజేబుతోని మాట్లాడింది. కోటి రూపాయలు ఇస్తమన్నది, మనుమరాలిని ఔరంగజేబు కొడుకుకు ఇచ్చి పెండ్లి చేసింది, ముట్టడి లేపింది. ఇంకో 31 ఏండ్లు గోల్కొండ నిలబడ్డది.

భాగమతి బిడ్డనో కాదో, నేను సాక్ష్యం చెప్పలేను. కాని వరద ఏట్ల గుర్రం దింపిన తండ్రికి ఈ బిడ్డ మాత్రం తప్పకుండ బిడ్డనే. ఆమె పేరు మీద ఉన్న ఊరు మనకు ఇంత దగ్గర పెట్టుకుని, ఎన్నడన్న ఆ మసీదు ముందర బస్సు దిగినమా మనం? విజయవాడ తొవ్వల అట్లనే దాటి పోతం.

అందుకే అంటున్న, ఆదివారం పిల్లలను తీస్కుని పోదం పట్టు. పొద్దున్నే బయలుదేరితే ముందు హయత్‌నగర్ చూసి, అక్కడి నుంచి పట్నం బస్సెక్కి పురానాపూల్ పోవచ్చు. కమాన్లు 22 ఉన్నయో లేవో మీ చిన్నోణ్ని లెక్కబెట్టమందం. కూరగాయలు కూడ అక్కడనే కొనుక్కుందం, శనివారం అంగట్ల ఏం కొనకు. అన్నయ్యకు ఇప్పుడే చెప్పి ఉంచు, మళ్ల ఆదివారం పొద్దున టిఫిన్ ఎవరు చేస్తరని అడిగేటట్టు చేయకు.